చిట్టెలుక పొట్టలో సేద్యం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో మిరప, పత్తి పండించే రైతుకు సూక్ష్మజీవులతో వ్యవహారం కొత్త కాదు. మిరపను ఎండుతెగులు నుంచి కాపాడుకొనేందుకు ట్రైకోడెర్మా విరిడి అనే శిలీంధ్రాన్ని పొలంలో వేస్తారు. అయితే పొట్లం విప్పి పొడిని నేరుగా చల్లరు. 2 కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువుతోను, 10 కిలోల వేపపిండితోను కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పదిరోజులు ఉంచుతారు. శిలీంధ్రం ఎరువునిండా అల్లుకొన్న తరువాతనే దానిని పొలానికి తోలుతారు. ఇంత శ్రమ ఎందుకు? మేలుచేసే జీవి అయినా తిండి, తడి లేనిచోట బతకదు. పైగా ఆ నేలలో అప్పటికే కోట్లకొలది ఇతర జీవులు కాపురం చేస్తున్నవి. వాటి నడుమ కొత్తది నిలదొక్కుకోవాలంటే విత్తనం ఒక్కటే చాలదు, నేల కూడా అనుకూలించాలి.

ఇదే న్యాయం జంతువుల పేగులకు కూడా వర్తిస్తుంది. ఈ మధ్య పట్టణాలలో తెల్ల చిట్టెలుకలను ముచ్చటగా పెంచుకొనే పిల్లలు ఉన్నారు. దానికి విరేచనాలు పట్టుకొన్నా, తిండి మానివేసినా, పెరుగు పెడితే నయమవుతుందని ఒకరు, మందుల దుకాణంలో దొరికే ప్రోబయోటిక్ గొట్టాన్ని విప్పి నీళ్ళలో కలపమని మరొకరు సలహా ఇస్తారు. ఈ సలహాలో నిజమెంత? చిట్టెలుక 30 గ్రాముల ప్రాణి. దాని విషయంలో పొరపాటు పడితే దిద్దుకొనేందుకు ఎక్కువ వ్యవధి ఉండదు. అందుచేత ఈ ప్రశ్నను కొంచెం శ్రద్ధగా పరిశీలిద్దాం.

పొట్ట నిర్మాణం

ఒంగోలు ఆవు పత్తిగింజలు తిని పాలిస్తుంది. ఆ గింజలలో గాసిపాల్ అనే విషపదార్థం ఉన్నది. ఆవుకు నాలుగు గదుల కడుపు. అందులో మొదటిదైన పెద్ద పొట్ట సూక్ష్మజీవులతో నిండిన కాగువంటిది. మితంగా తిన్న గింజలలోని గాసిపాల్ చాలవరకు అక్కడనే అణగిపోతుంది. గడ్డిలోని సెల్యులోజు కూడా అక్కడనే పులిసి, విడిపోతుంది. ఆ తరువాత ఆవు ఆ సూక్ష్మజీవులనే జీర్ణం చేసుకొని మాంసకృత్తులు సంపాదించుకొంటుంది.

చిట్టెలుకకు ఇటువంటి ముందరి కాగు లేదు. దాని కాగు వెనుక ఉన్నది. చిన్నపేగు ముగిసి పెద్దపేగు మొదలయ్యేచోట సంచివలె వేలాడే భాగమొకటి ఉంటుంది. దీనిని అంధనాళం అంటారు. పీచుపదార్థం పులిసేది ఇక్కడనే. ఇందులో ఒక తేడా ఉన్నది. ఆహారసారం పీల్చుకొనే చిన్నపేగు అంధనాళానికి ముందున్నది గదా! కాబట్టి అంధనాళంలో సూక్ష్మజీవులు తయారుచేసిన విటమిన్లు, మాంసకృత్తులు చాలవరకు మలంతో బయటికి పోతవి. చిట్టెలుక ఈ నష్టాన్ని ఒక విచిత్రమైన పద్ధతిలో పూడ్చుకొంటుంది. తన మలంలో కొంత తిరిగి తింటుంది. చూసేవారికి రోత కలిగినా, దాని శరీరధర్మానికి ఇది అవసరం. ఈ అలవాటువల్లనే ఒక గూటిలో ఉన్న చిట్టెలుకలన్నీ తమ సూక్ష్మజీవులను ఒకదానితో ఒకటి పంచుకొంటవి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తరువాత మనకు పనికివస్తుంది.

చిట్టెలుక కడుపులో మరొక విశేషమున్నది. జీర్ణాశయపు ముందరి భాగంలో ఆమ్లం ఊరదు. దాని లోపలి పొర మన చర్మపు పైపొరను పోలి ఉంటుంది. ఆ పొరను అంటిపెట్టుకొని లాక్టోబాసిల్లస్ జాతి బాక్టీరియా వరుసలు వరుసలుగా పెరుగుతవి. పెరుగును తోడువేసే బాక్టీరియాకు ఇవి దాయాదులు. అనగా, మనం పెరుగు పెట్టకముందే చిట్టెలుక పొట్టలో ఆ కుటుంబానికి చెందినవి స్థిరనివాసం ఏర్పరచుకొని ఉన్నవి.

కాపురస్థులు చేసే పని

ఈ సూక్ష్మజీవులవల్ల ప్రయోజనమేమిటో తెలుసుకొనేందుకు శాస్త్రజ్ఞులు అవి బొత్తిగా లేని ఎలుకలను పెంచి చూశారు. పుట్టబోయే పిల్లను శస్త్రచికిత్సతో తల్లి గర్భంనుంచి తీసి, క్రిములు చొరని గదిలో, క్రిములు చంపిన తిండితో పెంచుతారు. అటువంటి ఎలుకలు బతుకుతవి. కాని వాటి అంధనాళం మామూలుకన్నా ఎన్నో రెట్లు ఉబ్బిపోతుంది. 1959లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు గుస్టాఫ్సన్ ఇటువంటి ఎలుకలకు కె విటమిన్ లేని ఆహారం పెట్టగా, వాటి నెత్తురు గడ్డకట్టే శక్తి తగ్గి రక్తస్రావం కలిగింది. పేగులలో సూక్ష్మజీవులున్న మామూలు ఎలుకలకు అదే ఆహారంతో ఈ ప్రమాదం రాలేదు. కావలసిన కె విటమిన్‌ను వాటి పేగులలోని కాపురస్థులే సమకూర్చినవి.

2004లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో జరిగిన మరొక ప్రయోగంలో, క్రిములు లేకుండా పెరిగిన చిట్టెలుకలకు మామూలు చిట్టెలుకల అంధనాళంలోని పదార్థాన్ని ఇచ్చారు. రెండు వారాలలో వాటి శరీరంలోని కొవ్వు 60 శాతం పెరిగింది. అవి తిన్న తిండి మాత్రం తగ్గింది. దీని భావమేమి? చిట్టెలుక స్వయంగా అరిగించుకోలేని పీచును సూక్ష్మజీవులు పులియబెట్టి ఎసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలుగా మారుస్తవి. ఈ ఆమ్లాలను పేగు పీల్చుకొంటుంది. పెద్దపేగు గోడలోని కణాలకు బ్యుటిరిక్ ఆమ్లమే ముఖ్యమైన ఇంధనం.

అయితే ప్రతి సూక్ష్మజీవీ ఇచ్చేదే అనుకోరాదు. తీసుకొనేవి కూడా ఉన్నవి. ఇందుకు మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారి కృషిలోనే నిదర్శనం ఉన్నది. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు అధిపతి అయినారు. ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. ఆ విటమిన్ ఒక పదార్థంలో ఎంత ఉన్నదో కొలిచేందుకు వారు వాడిన కొలబద్ద లాక్టోబాసిల్లస్ కేసై అనే బాక్టీరియా. ఫోలిక్ ఆమ్లం లేనిదే అది పెరగదు. ఎంత పెరిగితే అంత విటమిన్ ఉన్నట్లు లెక్క. పేగులలోని మరికొన్ని బాక్టీరియా ఫోలిక్ ఆమ్లాన్ని స్వయంగా తయారుచేస్తవి. దీనికి మాత్రం బయటినుంచి అందాలి. మేలుచేసే బాక్టీరియా అంటూ అన్నిటినీ ఒకే గాటకట్టడం సరికాదని దీనినిబట్టి గ్రహించవచ్చును.

కాపలా

కాపురస్థులు చేసే అన్ని పనులలోను ముఖ్యమైనది కాపలా. 1954లో షికాగో విశ్వవిద్యాలయంలో మార్జొరీ బోన్‌హాఫ్, ఫిలిప్ మిల్లర్, వారి సహచరులు ఒక ప్రయోగం చేశారు. చిట్టెలుకలకు నోటిద్వారా సాల్మొనెల్లా అనే రోగక్రిమిని ఇస్తే, జబ్బు అంటుకొనేందుకు సుమారు లక్ష క్రిములు కావలసి వచ్చినవి. ముందుగా స్ట్రెప్టోమైసిన్ మందు ఇచ్చిన చిట్టెలుకలకు పదికన్నా తక్కువ క్రిములే చాలినవి. మందు చిట్టెలుకకు హాని చేయలేదు. దాని పేగులలోని కావలివారిని తొలగించింది. తలుపు తీసి ఉన్న ఇంటిలోకి దొంగ ఒక్కడు వచ్చినా చాలును గదా!

సుబ్బారావుగారు అధిపతిగా ఉన్న ప్రయోగశాలలోనే వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో అది లోకానికి వెల్లడి అయింది. అటువంటి ఆంటీబయోటిక్కులు లక్షల ప్రాణాలు కాపాడినవి. రోగక్రిమి ఉన్నప్పుడు వాటిని మానుకోరాదు. కాని అవసరం లేనప్పుడు వాడితే అవి కావలివారిని కూడా మట్టుపెడతవి. గినీపందికి, హామ్‌స్టర్‌కు పెన్సిలిన్ జాతి మందులు ప్రాణాంతకం కావచ్చును. వాటి పేగులలో మామూలు కాపురస్థులు నశించి, విషం పుట్టించే క్లాస్ట్రిడియం జాతి బాక్టీరియా పెచ్చు పెరగడమే దీనికి కారణం. చిట్టెలుకలు ఇంత సులభంగా చనిపోకపోయినా, మనుషులకిచ్చే మాత్రలో ముక్క విరిచి చిట్టెలుకకు వేయడం ఎంతమాత్రమూ తగదు.

మెచ్నికాఫ్ చెప్పిన పెరుగు

పులిసిన పాలవల్ల ఆరోగ్యం కలుగుతుందనే మాటను శాస్త్రచర్చలోకి తెచ్చినవాడు ఇలియా మెచ్నికాఫ్. ఆయన పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేశాడు. దేహరక్షణలో తెల్లరక్తకణాల పాత్రను నిరూపించినందుకు 1908లో నోబెల్ బహుమానం పంచుకొన్నాడు. పెద్దపేగులో ఆహారం కుళ్ళి పుట్టే విషాలే ముసలితనాన్ని తెస్తవని, పెరుగులోని ఆమ్లం ఆ కుళ్ళును ఆపుతుందని ఆయన 1907లో ప్రకటించాడు. బల్గేరియా పల్లెటూళ్ళలో పుల్లని పెరుగు తిని దీర్ఘాయువుతో ఉండే వృద్ధులను ఆయన ఉదాహరణగా చూపాడు. ఆ పెరుగులోని బాసిల్లస్‌ను 1905లో స్టామెన్ గ్రిగొరోవ్ అనే బల్గేరియా యువకుడు గుర్తించి ఉన్నాడు.

ఊహ మంచిదే. దానిని పరీక్షించవలెను గదా! అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రెట్జర్, చెప్లిన్ అనే ఇద్దరు ఆ పని చేసి, 1921లో ఫలితాలను గ్రంథంగా వెలువరించారు. వారు పరీక్షకు ఎన్నుకొన్నది తెల్ల ఎలుకలనే. బల్గేరియా బాసిల్లస్‌ను ఎంత తినిపించినా అది పేగులలో నిలవలేదు. అసిడోఫిలస్ అనే దాని దాయాది మాత్రం నిలిచింది. అంతకన్నా ఆసక్తికరమైన సంగతి మరొకటి కనబడింది. ఎలుకల ఆహారంలో పాలచక్కెరను, లేదా డెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థాన్ని హెచ్చుగా చేరిస్తే, పేగులలో అదివరకే కొద్దిగా ఉన్న అసిడోఫిలస్ తనంతట తానే వృద్ధి అయింది. విత్తనం వేయకుండానే, ఎరువు మార్చగానే పైరు మారింది!

ప్రోబయోటిక్ అనే మాటకు 2001లో ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్యసంస్థ పిలిచిన నిపుణులు నిర్వచనం ఇచ్చారు. తగినంత మోతాదులో ఇచ్చినప్పుడు, తీసుకొన్న జీవికి ఆరోగ్యరీత్యా మేలుచేసే సజీవ సూక్ష్మజీవులు అని దాని సారాంశం. ఇందులో మూడు షరతులున్నవి. అవి బతికి ఉండాలి. మోతాదు చాలాలి. మేలు రుజువు కావాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా, అది సూక్ష్మజీవుల పొడి మాత్రమే.

విత్తు నాటుకొంటుందా?

ఈ షరతులతో మన చిట్టెలుక పెరుగును తూచి చూద్దాం. మొదట మోతాదు. మంచి పెరుగులో గ్రాముకు 10 కోట్ల బాక్టీరియా ఉన్నవనుకొందాం. చిట్టెలుక నాకగలిగినది గ్రాములో పదోవంతు అనుకొంటే, లోపలికి పోయినవి 1 కోటి. చిట్టెలుక అంధనాళంలోని పదార్థంలో గ్రాముకు వెయ్యి కోట్లకు తక్కువ కాకుండా బాక్టీరియా ఉంటవి. అర గ్రాము పదార్థమున్నదనుకొన్నా 500 కోట్లు. 500 మంది స్వస్థలం వారి నడుమకు ఒక్క పరదేశి వచ్చినట్లు అయింది. అతడు కూడా జీర్ణాశయంలోని ఆమ్లాన్ని, చిన్నపేగులోని పైత్యరసాన్ని దాటి రావాలి.

ఇక ప్రాణముండే షరతు. పల్నాడులోని రెంటచింతల వేసవి తాపానికి పేరుపొందిన ఊరు. ఆ ప్రాంతాలలో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. అటువంటి ఎండలో మూసిన వాహనంలో ప్రయాణం చేసి, చల్లని పెట్టె లేని దుకాణంలో నెలలకొద్దీ ఉన్న గొట్టంలోని లాక్టోబాసిల్లస్ ఎన్ని బతికి ఉంటవి? వేడికి, తేమకు అవి త్వరగా నశిస్తవి. గట్టి కవచంతో నిద్రాణస్థితిలో ఉండే బాసిల్లస్ జాతి బీజాలు వేడిని చాలవరకు తట్టుకొంటవి. కావున పొట్లం మీద ఏ జీవి పేరున్నది, ఎంత చల్లదనంలో దాచమన్నారు, గడువు ఎంత అనేవి చదవడం అవసరం.

మూడవది, ఊరు తెలిసిన విత్తనమా కాదా అనేది. చిట్టెలుక జీర్ణాశయంలోని లాక్టోబాసిల్లస్ రియూటెరై అనే జాతిని తీసుకోండి. అదే జాతి మనుషులలో, కోళ్ళలో, పందులలో కూడా ఉన్నది. కాని మనిషినుంచి తీసిన రకాలు చిట్టెలుక పొట్టలో బాగా స్థిరపడవు. ఎలుకజాతి జంతువులనుంచి తీసినవి మాత్రం పొరకు అంటుకొని నిలుస్తవి. పేరు ఒకటే, అలవాటు వేరు. ఒకే మిరపలో నేలనుబట్టి రకాలు వేరైనట్లే ఇదీను.

2018లో ఇజ్రాయెల్ దేశంలోని వైజ్మన్ సంస్థ శాస్త్రజ్ఞులు మనుషులకై అమ్మే 11 రకాల బాక్టీరియా మిశ్రమాన్ని చిట్టెలుకలకిచ్చి, పేగు పొరను పరీక్షించి చూశారు. సొంత సూక్ష్మజీవులున్న చిట్టెలుకలలో ఆ మిశ్రమం అంతగా నాటుకోలేదు. క్రిములు లేని చిట్టెలుకలలో బాగానే నాటుకొన్నది. ఆ బృందమే మరొక పరీక్షలో, ఆంటీబయోటిక్ ఇచ్చిన తరువాత పేగు ఎట్లా కోలుకొంటుందో గమనించింది. ఏమీ ఇవ్వకుండా వదిలినవాటి సొంత సూక్ష్మజీవులు కాలక్రమాన తిరిగి వచ్చినవి. ముందుగా దాచి ఉంచిన తమ సూక్ష్మజీవులనే తిరిగి పొందినవి త్వరగా కోలుకొన్నవి. ప్రోబయోటిక్ మిశ్రమం పొందినవాటిలో మాత్రం సొంత కాపురస్థుల రాక ఆలస్యమైంది. చిట్టెలుకలలోను, మనుషులలోను ఇదే కనబడింది. ఖాళీ అయిన ఇంటిని పరదేశులు ఆక్రమించి, ఇంటివారిని బయట నిలిపినారన్నమాట.

పరీక్షకు నిలిచినదేది?

ఇంతమాత్రంచేత ప్రోబయోటిక్ అంటేనే వట్టిదని తీర్పు చెప్పడం కూడా తొందరపాటు అవుతుంది. మన పొరుగున ఒడిశా పల్లెలలో జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2017లో వెలువడినవి. 4,556 మంది పసికందులను రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌లో ఎన్నిక చేసిన ఒక రకాన్ని, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి, 7 రోజులు ఇచ్చారు. రెండవ జట్టుకు చూపులకు అటువంటిదే ఉత్త పొడి ఇచ్చారు. నెత్తురులో క్రిములు చేరే జబ్బు, లేదా మరణం ఉత్త పొడి జట్టులో 9 శాతం, మందు జట్టులో 5.4 శాతం. ఇక్కడ జీవి నిశ్చితం, మోతాదు నిశ్చితం, దాని తిండి కూడా వెంట ఉన్నది. పైగా పుట్టిన తొలిరోజుల పేగు ఇంకా నిండని పొలం.

దీనికి విరుద్ధమైన అనుభవం నెదర్లాండ్స్‌లో కలిగింది. క్లోమం వాచి తీవ్రంగా జబ్బుపడినవారికి ప్రోబయోటిక్ మిశ్రమమిచ్చిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చినవి. మిశ్రమం పొందిన 152 మందిలో 24 మంది, ఉత్త పొడి పొందిన 144 మందిలో 9 మంది మరణించారు. మేలు కలుగుతుందనే సదుద్దేశంతోనే వారు మొదలుపెట్టారు. పరీక్ష చేయకపోయి ఉంటే ఆ హాని ఎవరికీ తెలిసేది కాదు. మేలుచేసే జీవులు గదా, తింటే నష్టమేమిటి అనే మాటకు ఇది సమాధానం.

పెంపుడు చిట్టెలుకకు ఏమి చేయాలి?

ముందు నేలను చూడాలి. అనగా ఆహారాన్ని చూడాలి. మన దేశంలో ఈ విషయం ఎలుకలతోనే తేటతెల్లమైంది. కూనూరులో రాబర్ట్ మెకారిసన్ దేశంలోని వివిధ ప్రాంతాల ప్రజల భోజనాన్ని తెల్ల ఎలుకల జట్లకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు గల సిక్కుల భోజనం తిన్న ఎలుకల సగటు బరువు 235 గ్రాములు. తెల్లబియ్యం ప్రధానమైన మదరాసు భోజనం తిన్నవాటిది 155 గ్రాములు. గుంటూరు ఆనాడు మదరాసు రాజధానిలోనిదే. ఆ తేడా ముఖ్యంగా మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాలలో ఉన్న తేడా. సూక్ష్మజీవుల సంగతి ఎత్తకముందే తిండి సంగతి తేల్చుకోవాలని దీని సారం. 1918లో చిన్నగా మొదలై మెకారిసన్ చేతిలో పెరిగిన ఆ ప్రయోగశాలయే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

చిట్టెలుకకు జొన్న, సజ్జ, కొర్ర, గోధుమవంటి పొట్టుతో ఉన్న ధాన్యాలు, ఉడికించిన కందిపప్పు కొంచెం, ఆకుకూర ముక్క, క్యారట్ ముక్క చాలును. పొట్టులోని పీచే అంధనాళంలోని కాపురస్థుల ఆహారం. బూజుపట్టిన వేరుశనగ, ముక్కిన ధాన్యం పెట్టరాదు. వాటిలో అఫ్లటాక్సిన్ అనే కాలేయ విషం ఉండవచ్చును. ఆవుకు పెట్టే పత్తిగింజలు, పత్తిచెక్క చిట్టెలుకకు పనికిరావు. కారణం ముందే చెప్పుకొన్నాం. దానికి ముందరి కాగు లేదు. తిండి మార్చవలసి వస్తే పాతదానిలో కొత్తది కొంచెం కొంచెంగా కలుపుతూ వారం రోజులలో మార్చాలి. కాపురస్థులకు కూడా కొత్త తిండికి అలవాటు పడే వ్యవధి కావాలి.

పెరుగు పెట్టవచ్చునా? ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకకు చక్కెర, ఉప్పు లేని తాజా పెరుగు పుల్ల చివరన అంటినంత ఎప్పుడైనా పెడితే దోషం లేదు. అది చిరుతిండి, మందు కాదు. పాలు మానిన తరువాత చిట్టెలుకలలో పాలచక్కెరను అరిగించే ఎంజైము తగ్గిపోతుంది. కాబట్టి ఎక్కువైతే విరేచనాలే పట్టుకొంటవి. తియ్యటి ప్రోబయోటిక్ పానీయాలు అసలే వద్దు. తినక మిగిలిన పెరుగును గూటిలో వదలితే మన వేడికి త్వరలోనే చెడిపోతుంది.

విరేచనాలయినప్పుడు, వెంట్రుకలు నిక్కబొడుచుకొని ఒక మూల ముడుచుకొని కూర్చున్నప్పుడు, పెరుగుతో వేళ గడపరాదు. అంత చిన్న ప్రాణిలో నీరు తగ్గితే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చును. దానిని వేరే గూటిలో వెచ్చగా ఉంచి, మంచినీరు అందుబాటులో పెట్టి, వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. ఆంటీబయోటిక్ కావాలో అక్కరలేదో, ప్రోబయోటిక్ ఏదో, ఎంతో ఆయనే నిర్ణయించాలి. గూడు తాకిన ప్రతిసారీ పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చూపులకు ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుక పేగులలో కూడా సాల్మొనెల్లా ఉండవచ్చును. పత్తిచేలలో దొరికే పొలం ఎలుక పిల్లలను తెచ్చి పెంచరాదు. ఎలుక మూత్రంద్వారా లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం మనుషులకు సోకుతుంది.

బడిలో చేయదగిన పరీక్ష

పాఠశాలలో జంతువులమీద మందులు ప్రయోగించరాదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద అటువంటి ప్రయోగాలు నమోదైన సంస్థలలో, అనుమతితో మాత్రమే జరగాలి. అయితే సజీవం అనే మాటకు అర్థమేమిటో పాలతోనే చూపవచ్చును. పాలను కాచి, గోరువెచ్చగా అయిన తరువాత నాలుగు గ్లాసులలో సమానంగా పోయండి. మొదటిదానిలో ఒక చెంచా పెరుగు వేయండి. రెండవదానిలో, కొంచెం నీటిలో కలిపి బాగా మరిగించి చల్లార్చిన పెరుగు అదే కొలతలో వేయండి. మూడవదానిలో ఏమీ వేయవద్దు. నాలుగవదానిలో ఒక ప్రోబయోటిక్ గొట్టంలోని పొడి వేయండి. నాలుగింటిపై మూతలు పెట్టి ఒకేచోట ఉంచండి. మొదటిది తోడుకొన్న వేళకు మిగిలినవి ఎట్లా ఉన్నవో చూడండి. మరిగిన పెరుగు పాలను తోడువేయదు. అందులో బాక్టీరియా ఉన్నవి, ప్రాణం లేదు. నాలుగవది తోడుకోకపోతే అందులోని జీవులు చచ్చినవని వెంటనే చెప్పవచ్చునా? చెప్పరాదు. ఆ పొడిలో పాలను తోడువేయని జాతి ఉండవచ్చును. ఈ సందేహాన్ని విద్యార్థులచేతనే పలికించడం ఉపాధ్యాయుని నేర్పు.

తరువాత కాగితంమీద ఒక సమస్య ఇవ్వండి. ఒకాయన 5 చిట్టెలుకలను ఒక గూటిలో ఉంచి నెలరోజులు పెరుగు పెట్టాడు. మరి 5 చిట్టెలుకలను వేరొక గూటిలో పెరుగు లేకుండా ఉంచాడు. మొదటి గూటివి ఎక్కువ బరువు పెరిగినవి. పెరుగు మంచిదని ఆయన తేల్చాడు. ఇందులో తప్పెక్కడ ఉన్నది? ఒక గూటిలోని చిట్టెలుకలు తమ సూక్ష్మజీవులను పంచుకొంటవని చెప్పుకొన్నాం. కాబట్టి అవి ఐదు వేర్వేరు సాక్ష్యాలు కావు, దాదాపు ఒకే సాక్ష్యం. గూళ్ళ నడుమ ముందునుంచీ ఉన్న తేడాయే ఫలితంగా కనబడి ఉండవచ్చును. పెరుగులోని పాలకు, కొవ్వుకు బరువు పెరిగినవేమో కూడా తెలియదు. దానిని తేల్చేందుకు రెండవ జట్టుకు మరిగించిన పెరుగు పెట్టాలి. గూళ్ళు అనేకం కావాలి. ఏ గూటికి ఏది పెట్టారో తూకం వేసేవారికి తెలియరాదు.

ఈ సమస్యను సరిగా విప్పగలిగిన విద్యార్థి రేపు రైతు అయి, దుకాణంలో బయో మందు అని చూపిన సీసాను చేతిలోకి తీసుకొన్నప్పుడు, ఇందులో ఉన్నది ఏ జీవి, ఎన్ని ఉన్నవి, ఇంకా బతికి ఉన్నవా, ఎవరి పొలంలో దేనితో పోల్చి చూశారు అని అడుగుతాడు. చిట్టెలుకకైనా, మిరపతోటకైనా, తన బిడ్డకైనా అడగవలసిన ప్రశ్నలు ఇవే.